మహలు మూల నుంచి నూట నలభై అంగలు

ఆ రోజు పోయినవి ఇవి. ఎడమ కాలి చెప్పు ఒకటి. గొడుగు ఒకటి, బస్సులో మరిచాను. ఆముదం పావుసేరు, తిరుగు బండిలో సీసా బిరడా ఊడి మూటలోనే ఒలికిపోయింది. బస్సు ఒకటి. రాత్రి ఒకటి. ఐదు ప్రమిదలు మాత్రం ఒక్కటీ పగలకుండా ఇంటికి తిరిగి వచ్చాయి. వాటిని పోయినవాటి కింద రాయాలో, మిగిలినవాటి కింద రాయాలో నాకు ఈనాటికీ తేలలేదు.

గండికోటను ఒక్క పగలులో చూసి రావచ్చా, రాత్రి ఉండాలా అని మా వైపు వాళ్లు అప్పుడప్పుడు నన్ను అడుగుతారు. నేను లెక్కల మనిషినని వాళ్ల నమ్మకం. నేను వెంటనే జవాబు చెప్పలేను. రెండు విధాలుగానూ వెళ్లి వచ్చాను.

బడిలో నేను చదివింది రెండో తరగతి దాకా. మిగతాదంతా బేతంచెర్ల నాపబండల దగ్గర సొంతంగా నేర్చుకున్నది. బండలు ఎన్ని, ఒక్కొక్కటి ఎంత పొడవు, ఎంత వెడల్పు, లారీకి ఎన్ని ఎత్తారు అన్నది రాయడమే నా పని. గనిలో టేపు లేని రోజు నా అంగలే టేపు. నా అంగ సరిగ్గా రెండున్నర అడుగులు. వంద అంగలు వేసి, ఆ తర్వాత టేపు పెట్టి చూస్తే అడుగు కంటే ఎక్కువ తేడా వచ్చేది కాదు. గని మేస్త్రీలు పందెం కాసి ఓడిపోయిన సందర్భాలున్నాయి. అది నాకున్న ఒకే ఒక్క గర్వం.

మేము దూదేకులవాళ్లం. ముసల్మానులమైనా మా ఇంట్లో మాట తెలుగే, మొక్కులు మాత్రం మావి మాకున్నాయి. గురువారం పొద్దు గూకినాక పెద్దల సమాధి దగ్గర దీపం పెట్టడం నా భార్య పుట్టింటివారి వాడుక. పెడితే ఐదు పెట్టాలి. ఆమె తల్లి సమాధి గండికోటలో ఉంది. కోట లోపలి ఊరే ఆ తల్లి పుట్టిల్లు. కాన్పుకు అక్కడికి వెళ్లి, బిడ్డను కని, పదకొండో రోజు పోయింది. ఆ బిడ్డే నా భార్య. తండ్రి ఆమెను పసిగుడ్డుగానే బేతంచెర్లకు తెచ్చుకున్నాడు, మళ్లీ ఆ కోట వైపు తిరిగి చూడలేదు. సమాధి మీద పేరు లేదు. అది ఏదో తెలిసిన మనిషి ఒక్కతే మిగిలింది. ఆమె మా అత్తకు మేనత్త. కోటలోని పాడుబడ్డ మహలు గోడకు ఆనుకునే ఆమె ఇల్లు. అందరికీ ఆమె అవ్వ.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు, ఆ అవ్వ ఇంక ఎన్నాళ్లో ఉండదని కబురు వచ్చింది. నా భార్య ఐదు ప్రమిదలు కొని గూట్లో పెట్టి, రెండు రోజులు సెలవు పెట్టమంది.

రాజధాని కదా, ఆఫీసులన్నిటికీ బండలు కావాలి. రోజూ లారీలు కర్నూలుకు పోతున్నాయి. రెండు రోజులు నేను లేకపోతే నా చోట ఇంకొకడు కొలుస్తాడు. నేను కాగితం మీద లెక్క వేసి ఆమెకు చదివి వినిపించాను. గురువారం తెల్లవారి ఐదింటికి మొదటి బస్సు. కోయిలకుంట్లలో మారితే తొమ్మిదిన్నరకు జమ్మలమడుగు. ఎద్దుల బండిలో మూడు గంటలు. పన్నెండున్నరకు కోట. అక్కడ రెండు గంటలు. తిరుగు బండి, ఆరింటి బస్సు, రాత్రి పదిన్నరకు ఇల్లు.

ఆమె అంతా విని, "ఇందులో పొద్దు గూకేది యాడ?" అంది.

"జమ్మలమడుగులో."

"దీపం పెట్టేది?"

"దీపం ఏ యాళకైతే ఏమి? యాడ పెడతామన్నది గదా ముఖ్యం."

"మిట్టమధ్యాన్నం దీపం పెడితే మా యమ్మ నవ్వుతాది" అంది. కానీ మూట కట్టింది. అవ్వ ఉండగా సమాధిని కళ్లతో చూడకపోతే ఇంకెప్పుడూ చూసే వీలుండదని ఆమెకు తెలుసు.

జమ్మలమడుగులో దొరికిన బండివాడు నోటి దురుసు మనిషి. నేను ఎద్దులను తొందర పెట్టమని మూడోసారి అనేసరికి వెనక్కి తిరిగి, "ఏమన్నా, మహలు సూసేకి పోతాండావా, కొలిచి అమ్మేకి పోతాండావా?" అన్నాడు. నా భార్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ రోజు ఆమె నవ్వింది ఆ ఒక్కసారే.

కోట వాకిలి దగ్గర బండి దిగుతుంటే నా ఎడమ చెప్పు చక్రం ఆకుకర్రల మధ్య ఇరుక్కుని తోలు పట్టీ తెగింది, అట్ట కూడా చీలింది. అక్కడే పారేశాను. రెండో చెప్పు విడవలేదు. ఒక కాలైనా కాలకుండా ఉంటుందనుకున్నాను. మధ్యాహ్నపు ఎండలో ఆ బండరాయి నేల పెనంలా ఉంది.

అవ్వ గుమ్మంలోనే కూర్చుని ఉంది. నా భార్య ముఖాన్ని రెండు చేతులతో తడిమి, "ముక్కు మీ యమ్మదే" అంది. మేము రెండున్నరకు వెళ్లిపోతామని విని నా వైపు తిరిగింది.

"ఏమప్పా అల్లుడా, దీపమేళ కాకముందే పోతాండారా? ఈ రాతిరికి ఉండండి. జొన్నరొట్టె కాల్చి ఊరిబిండి నూరి పెడతా."

"తెల్లారితే లారీలున్నాయవ్వా."

"లారీలు నిన్న లేవా, రేపుండవా? ఈ మహలు కట్టినోళ్లు కూడా నీ మాదిరే శానా పనులున్నాయనుకొని పోయినారు. సూడు, గువ్వలుంటాండాయి."

మహలును నేను సరిగా చూడలేదు. కమానులు, రాలిన సున్నం, లోపల పావురాళ్ల గోల. నా కళ్లు నీడ ఎటు జరుగుతోందో చూస్తున్నాయి. అవ్వ కర్ర పట్టుకుని మహలు పడమటి మూల నుంచి, ఎదురుగా కూలిన గోడలో కనిపించే సందు వైపు మమ్మల్ని నేరుగా నడిపించింది. దారికి కుడి పక్కన వరసగా సమాధులు. అన్నీ నిలబెట్టిన నాపరాళ్లే, పేర్లు లేవు. ఒక తంగేడు చెట్టు పక్కన ఆగి, "ఇదే తల్లీ" అంది.

నా భార్య ఆ రాయి మీద చెయ్యి వేసింది. ఏడవలేదు. మూట విప్పలేదు. "నేనీడనే కూసుంటా, పొద్దు గూకేదాక" అంది.

నేను ఏమేమి చెప్పానో అన్నీ గుర్తులేవు. బస్సు పోతుందన్నాను. పిల్లవాణ్ణి పక్కింట్లో వదిలి వచ్చామన్నాను. చివరికి, "అంగలేసి రాసుకుంటా. ఇంగ సమాధి యాడికీ పోదు. మళ్లీ వచ్చి రాతిరి ఉందాం" అన్నాను. మూల దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి లెక్కపెట్టుకుంటూ గబగబా నడిచి వచ్చాను. నూట నలభై. జేబులోని కాగితం మీద రాశాను. ఆ అంకె రాశాక నా మనసు కుదుటపడింది. ఆమెను చెయ్యి పట్టి లేపాను.

జమ్మలమడుగు చేరేసరికి ఇంకా పావుగంట మిగిలింది. ఆ పావుగంటకు నేను సంతోషించాను కూడా. ఆరయింది, ఆరున్నరయింది, బస్సు రాలేదు. పైన ఎక్కడో వాన కురిసి, దారిలో వంక పొంగిందట. రేపు ఉదయం దాకా బస్సు లేదని కాఫీ హోటలు మనిషి చెప్పాడు.

పొద్దు సరిగ్గా కోట ఉన్న దిక్కునే గూకింది. నా భార్య మూట ఒళ్లో పెట్టుకుని అటే చూస్తూ కూర్చుంది. నూనె ఒలికిన గుడ్డ వాసన వస్తోంది. కాసేపటికి, "ఇప్పుడైంది యాళ" అంది. ఆ రాత్రంతా బస్సు ఆగే చోట రేకు కింద గడిపాం. ఇవ్వనన్న రాత్రి ఎలాగూ ఇచ్చేశాను. తొమ్మిది మైళ్లు ఇవతల ఇచ్చాను, అంతే తేడా.

మళ్లీ వెళ్లడానికి మూడేళ్లు పట్టింది. మొదటి ఏడు లారీలు. రెండో ఏడు ఆమెకు కాన్పు. ఆ మధ్యలోనే అవ్వ పోయిందని కార్డు వచ్చింది. మూడో ఏటికి రాజధాని కూడా కర్నూలు నుంచి వెళ్లిపోయింది, లారీలు తగ్గాయి. కాగితం చిరిగిపోతుందని ఆ అంకెను పెట్టె మూత లోపల సున్నంతో రాసి ఉంచాను. నిద్రపట్టనప్పుడు దాన్నే తలచుకునేవాణ్ణి. నూట నలభై రెండున్నరలు మూడు వందల యాభై అడుగులు. అది ఎక్కడికీ పోదు అనుకునేవాణ్ణి.

ఈసారి గురువారం మధ్యాహ్నం జమ్మలమడుగులో బండి ఎక్కాం. మళ్లీ అదే బండివాడు.

"ఏమన్నా, పోయినసారి కొలిచినావు గదా, మహలు ఎంతకు బేరం కుదిరింది?"

"ఈసారి ఉండేకి వచ్చినాములే" అన్నాను.

"మంచిది. ఎద్దులకు గూడా ఆ మాట చెప్తా, నెమ్మదిగా పోతాయి."

నాలుగు దాటాక చేరాం. అవ్వ ఇంట్లో ఆమె కోడలు ఉంది. ఆదరంగానే పిలిచింది. "సమాధి నాకు తెలీదక్కా, నేను బయటూరు దాన్ని. మా యత్తకే తెలుసు" అంది నా భార్యతో.

"తెలీకుంటే ఏమి, లెక్క ఉండాది" అన్నాను నేను.

పొద్దు వాలింది. పగటి పూట వెలవెలబోయిన మహలు గోడలు ఆ ఎండకు పచ్చబడ్డాయి, పావురాళ్లు కమానుల్లోకి చేరుతున్నాయి. మొదటిసారి నేను దాన్ని చూడలేదని అప్పుడు తెలిసింది. పడమటి మూల దగ్గర మడమ ఆనించి, గోడ సందు మీద చూపు నిలిపి, గనిలో నడిచినట్టే నడిచాను. నా భార్య మూట పట్టుకుని వెనకే వచ్చింది. నూట పది దాటింది. నూట ముప్పై దాటింది. నూట నలభయ్యో అంగ సమాధులన్నిటినీ దాటి రేగి ముళ్లలో పడింది.

వెనక్కి వెళ్లి మళ్లీ నడిచాను. మళ్లీ ముళ్లలోనే పడింది.

"తంగేడు చెట్టు పక్కన గదా" అంది ఆమె. ఎటు చూసినా తంగేడే. విరగబూసి ఉంది.

నేను తల వంచుకుని నిలబడి నా కాళ్లు చూసుకున్నాను. కొత్త చెప్పులు, రెండూ ఉన్నాయి. అప్పుడు అర్థమైంది. ఆ రోజు నా ఎడమ కాలు వట్టిది. కాలే రాయి మీద అది ఆనీ ఆనకముందే లేచింది. అవి రెండున్నర అడుగుల అంగలు కావు. రెండు అడుగులో, రెండుంబావో, ఇంకాస్త ఎక్కువో. అంటే ఆమె తల్లి నూట పన్నెండో అంగకూ నూట ముప్పై నాలుగో అంగకూ మధ్య ఎక్కడో ఉంది. ఆ మధ్యలో రాళ్లు ఏడు.

ఆ మాట ఆమెకు చెప్పాను. దాచడానికి ఏమీ లేదు.

"మూడేండ్లు భద్రంగా పెట్టుకుంటివి గదయ్యా ఆ లెక్కను" అంది. కోపంగా అని ఉంటే బాగుండేది.

పొద్దు గూకింది. నేను నడిమి మూడు రాళ్లకు అవకాశం ఎక్కువని చెప్పబోతున్నాను. ఆమె వినకుండానే కింద కూర్చుని మూట విప్పింది. మొదటి రాయి దగ్గర ఒక ప్రమిద పెట్టి, ఆముదం పోసి, వత్తి వేసి వెలిగించింది. రెండో రాయి దగ్గర ఇంకొకటి. ప్రతి రాయి మీదా చెయ్యి వేసి, "అమ్మా" అని ఒక్కమాట అని లేచింది. ఐదో రాయితో ప్రమిదలు అయిపోయాయి.

"ఉండు, పోయి కోడలి దగ్గర ఇంగ రెండు తెస్తా" అని నేను పరుగు తీయబోయాను.

"వద్దు. ఎరవు దీపం మా యమ్మకు పెట్టను. మనింటి నుంచి తెచ్చిందే పెట్టాల."

ఐదు దీపాలు వెలుగుతూ ఉంటే అవతల రెండు రాళ్లు నల్లగా నిలబడ్డాయి.

ఆ రాత్రి మహలు గోడ పక్కన పడుకున్నాం గానీ నాకు కన్ను మూతపడలేదు. తెల్లవారకముందే లేచి మూల దగ్గరికి వెళ్లాను. ఎడమ చెప్పు విడిచి, ఒంటి చెప్పుతో నడిచాను. నూట నలభయ్యో అంగ ఆరో రాయి పక్కన ఆగింది. దీపం పడని రాయి. కానీ నేల చల్లగా ఉంది. చల్లని రాయి మీద కాలు తొందరపడదు. అప్పటి అంగలు ఇంతకంటే చిన్నవై ఉండాలి, అంటే ఇవతలి ఐదింటిలో ఏదో ఒకటి కావచ్చు. కాకపోనూవచ్చు.

నా భార్య లేచి వచ్చి నన్ను, నా ఒంటి చెప్పును చూసింది.

"మధ్యాన్నం దాకా ఉందాం. ఎండలో ఒకతూరి నడిచి సూస్తా" అన్నాను.

"సూసి? ఎండలో దొరికినా దీపం పెట్టేకి సందేళ కావాల. ప్రమిదలు గూడా లేవు. పద, నీ బస్సు పోతాది."

బండివాడు వచ్చి ఉన్నాడు. ఈసారి బస్సు అందింది.

ఆ తర్వాత మళ్లీ వెళ్లలేదు. మా ఇంట్లో గూట్లో రెండు కొత్త ప్రమిదలు విడిగా ఉన్నాయి. నూనె తగలనివి. గురువారం వచ్చినప్పుడల్లా ఆమె వాటిని దించి, దుమ్ము తుడిచి, మళ్లీ అక్కడే పెడుతుంది. పోయినవాటి లెక్క ఎప్పుడో రాసేశాను. నేను బాకీ ఉన్నవి ఇప్పటికి రెండు.