బొట్టు పెట్టిన ఫ్లాపీ, నీలమ్మ కోపం

"ఆ కంప్యూటరు తెర ముందు పిల్లను కూర్చోబెడితే కళ్ళకేమైనా అవుతుందా?"

కృష్ణానగర్‌లో నీలమ్మగారి టైపు సెంటర్‌లో అడుగుపెడుతూనే, నేనెవరో చెప్పకముందే నేనడిగిన మాట అది. చంకలో మా పాప, చేతిలో ఇంటర్ పిల్లల కోసం రాసిన భౌతికశాస్త్రం పాఠాల కట్ట. ఆవిడ కీబోర్డు మీద నుంచి చేతులు తీయలేదు, తల తిప్పలేదు.

"కండ్లు పోతే ముందుగాల నాయి పోవాలె. పొద్దుగాల కూసున్నదాన్ని పొద్దుమూకెదాక గీడనే ఉంట. తెరతోని ఏం గాదు. గా కింద వైర్లున్నయి సూడు, గాటికి భయపడు. పిల్లను కిందికి దింపకు."

నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివాను. ఆ గాజు తెరలోంచి ఏది బయటికొస్తుందో, ఏది రాదో బల్ల మీద సుద్దముక్కతో గీసి చెప్పగలను. కానీ పాప పుట్టినప్పటి నుంచి నా చదువు ఒక దారిన, నా భయం ఒక దారిన నడుస్తున్నాయి. వైర్ల వంక చూశాను. మూత ఊడిన ప్లగ్గుల పెట్టె ఒకటి సరిగ్గా పాప చెయ్యందేంత ఎత్తులో ఉంది. పాపను దింపలేదు.

ఇంటికి కంప్యూటర్ కొందామా వద్దా అని మేమిద్దరం కొట్టుకుంటున్న రోజులవి. మావారు సినిమాల్లో సౌండ్ విభాగంలో పనిచేస్తారు. ఫిల్మ్‌నగర్‌లో మా ఇల్లు. పత్రికల్లో వచ్చే సలహాలన్నీ చదివాను. కొత్త చిప్పు వచ్చిందట, రంగుల ప్రింటరు వచ్చిందట, ఇవాళ కొన్నది రేపటికి పాతబడుతుందట. చదివేకొద్దీ భయం పెరిగిందే తప్ప, కొన్నాక దాంతో ఎలా బతకాలో ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి నాకు నీలమ్మగారు విసుక్కుంటూ, కసురుకుంటూ నేర్పారు. అందుకే ఆవిడ గురించి రాస్తున్నాను.

ఆవిడది బోరబండ. తండ్రి జంగయ్య జూబ్లీహిల్స్‌లో బంగళాల పునాదులకు రాళ్ళు కొట్టాడు. నీలమ్మగారు పదో తరగతి అయ్యాక టైపు లోయరు, హయ్యరు ప్యాసై, పరిశ్రమ మద్రాసు నుంచి ఇక్కడికి మకాం మారుస్తున్న కాలంలో ఒక సినిమా ఆఫీసులో తెలుగు టైపు మిషను ముందు కూర్చున్నారు. కార్బన్ కాగితాలు పెట్టి ఎన్ని సినిమాల సంభాషణలు కొట్టారో లెక్కలేదు. కంప్యూటర్లు వచ్చి టైపు మిషన్లు అటకెక్కాక, ఉద్యోగం వదిలేసి సొంతంగా ఈ గది కిరాయికి తీసుకున్నారు. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, చెప్పులు బయట విడవమని ఒక బోర్డు.

ఆవిడకు తెలియనివి లేవని నేననను. పౌరాణిక సినిమాలో ఏ రాజుగారో వేసుకున్న ఎర్ర మఖమల్ గుడ్డ ఒకటి సంపాదించి, మిషను నడుస్తుండగానే దాని మీద కప్పి, అన్నానికి వెళ్ళిపోయేవారు. వెనక ఉన్న సందుల్లోంచి వేడి బయటికి పోవాలండీ, ఆపాకే కప్పాలండీ అంటే వినరు.

"దుమ్ము పోతే ఖరాబైతది టీచరమ్మా."

"ఉడికిపోతే అంతకన్నా ముందే ఖరాబవుతుందండీ."

"మీకన్నిట్ల సైన్సే."

చాలా రోజులు వాదించుకున్నాం. ఒకరోజు వెళ్ళేసరికి గుడ్డ మడతపెట్టి కుర్చీకి వేసి ఉంది. మిషను నడుస్తోంది, ఆవిడ అన్నానికి వెళ్ళారు.

వచ్చేవాళ్ళతో ఆవిడ పడే బాధ చూస్తే ఎవరికైనా విసుగు పుడుతుంది. ఒకాయన ఫ్లాపీని రికార్డింగు గదిలో పెద్ద స్పీకరు మీద పెట్టి, అందులో అయస్కాంతం ఉంటుందని తెలియక, టైపు చేయించిన పాటలన్నీ చెరిగిపోయాయని ఆవిడ మీద కేకలేశాడు. ఇంకొకాయన ఆఫీసులో తెరిస్తే తెలుగంతా పిచ్చిగీతలైందని వచ్చాడు. "అక్షరాల ఫాంటు గూడ తీస్కపోవాలె సార్, ఉత్త ఫ్లాపీ తీస్కపోతే గట్లనే ఉంటది" అని ఆవిడ ముందే చెప్పారు. ఆయన విన్నాడు, కానీ పట్టించుకోలేదు. కరెంటు పోయినప్పుడల్లా ఎవరో ఒకరు గుండె బాదుకోవడం మామూలే.

వీళ్ళందరినీ మరిపించినవారు అచ్యుతరామయ్యగారు.

ఆయనది తెనాలి వైపు. యాభై దాటినవారు. ఎన్నో సినిమాలకు మాటలు రాశారు గానీ, తెర మీద ఏనాడూ పేరు పడలేదు. రాసింది ఈయన, పేరు పెద్ద రచయితలది. ఈసారి నిర్మాత చలపతిరావుగారు పేరు వేస్తానన్నారు. షరతు ఒక్కటే: గురువారం ముహూర్తం, శనివారం పొద్దున హీరోగారికి మొత్తం చదివి వినిపించాలి. హీరోగారు ఆ తర్వాత ఊళ్ళో ఉండరు. ఆలస్యమైతే వేరే రచయిత సిద్ధంగా ఉన్నాడని చలపతిరావుగారు నవ్వుతూనే చెప్పారట.

ఈ పరిశ్రమలో రచయితలకు దొంగలంటే ఉన్న భయం దేవుడంటే కూడా ఉండదు. కథ బయటికి పొక్కితే ఇంకెవరో ముందే తీసేస్తారు. అచ్యుతరామయ్యగారికి అలా ఒకసారి జరిగింది కూడా. అందుకని ఆయన పద్ధతులు ఆయనవి. చేత్తో రాసిన కాగితాలు టైపు కాగానే ఇంటికి తీసుకెళ్ళి నీళ్ళ బాయిలరులో వేసేవారు. ఉన్నదంతా ఒక్క ఫ్లాపీలో. ఇంకో ఫ్లాపీలో కూడా ఎక్కిస్తానని నీలమ్మగారు అంటే ఆయన ఒప్పుకోలేదు.

"రెండోది ఎవడి చేతిలో పడుతుందో! నీ మిషన్లో ఉన్నది కూడా తీసెయ్యి నీలమ్మా. నా ఎదురుగా తీసెయ్యి."

"తీస్తె మల్ల రాదు సార్."

"రాకూడదనే!"

ఆవిడ ఆయన ఎదురుగానే తీసేశారు. ఆ తర్వాత అదే చోట ఇంకో సినిమా టైపు చేశారు.

గురువారం మధ్యాహ్నం నేను పాపతో అక్కడే ఉన్నాను. అచ్యుతరామయ్యగారు నుదుటి మీద బొట్టుతో, చేతిలో కొబ్బరి చిప్పతో, ముఖం నిండా సంతోషంతో వచ్చారు. మా పాప చేతిలో కొబ్బరి ముక్క పెట్టారు. ఫ్లాపీని కండువాలోంచి తీసి నీలమ్మగారికిచ్చి, హీరోగారి కోసం మొత్తం ప్రింటు తీయమన్నారు. ఆవిడ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ, చూడకుండానే దాన్ని మిషన్లోకి తోశారు.

తిరగలిలో రాయి పడ్డట్టు చప్పుడైంది. ఆవిడ ఫోను పడేసి ఫ్లాపీని బయటికి లాగారు. వేళ్ళకు ఎర్రగా అంటింది.

"ఏంది సార్ గిది?"

"కుంకుమేనమ్మా. ముహూర్తానికి స్క్రిప్టు దేవుడి ముందు పెట్టి పూజ చేస్తాం కదా. కాగితాల స్క్రిప్టయితే మొదటి పేజీకి పెడతాం. ఇప్పుడు స్క్రిప్టు ఇదేగా."

"మీద పెట్టొచ్చు గద!"

"అక్షరాలు లోపలుంటే పైన ప్లాస్టిక్కుకి పెడితే ఏం లాభం? ఆ రేకు పక్కకి జరిపితే నల్లగా కనబడిందమ్మా. దానికి పెట్టాను. తడి కుంకుమ, చక్కగా అంటింది."

నీలమ్మగారు ఎర్రబడిన వేళ్ళు ఆయన ముందు చాపారు. "నూనె గూడ పోసిండ్రా? హారతి ఇచ్చిండ్రా? పులిహోర పెట్టలేదా లోపల?"

అప్పటికి గానీ ఆయనకు అర్థం కాలేదు. కుర్చీలో కూర్చుండిపోయారు. "పోయిందా?" అన్నారు. "పేరు పడేది నీలమ్మా. ఈసారి పేరు పడేది."

దాంతో ఆవిడ కోపం ఆవిడ నోట్లోనే ఉండిపోయింది.

ఫ్లాపీ లోపల ఉండేది పలుచటి బిళ్ళ. కుంకుమ దాని మీద ఒకచోట ఉన్నా, తిరిగినప్పుడు చుట్టూ పూసుకుని ఉంటుంది. కడిగితే కొంతైనా రావచ్చునని నాకు తోచింది. పక్క సందులోంచి ఆటో బ్యాటరీలకు పోసే శుద్ధమైన నీళ్ళు తెప్పించి, పెంకు విప్పి, బిళ్ళను వేళ్ళతో అంచులు మాత్రమే పట్టుకుని కడిగి, నీడలో ఆరబెట్టి, ఇంకో ఫ్లాపీ పెంకులో పెట్టాను. పాప ఏడుస్తూనే ఉంది. అచ్యుతరామయ్యగారు దాన్ని ఎత్తుకుని సందంతా తిప్పారు.

రెండో కంప్యూటర్లో పెట్టడానికి నీలమ్మగారు ఒప్పుకోలేదు.

"ఒకటి ఆల్రెడీ నోరు పడిపోయింది. ఇది గూడ పోతే నాకు బువ్వెట్ల?"

తప్పు కూడా కాదు. మురికి ఫ్లాపీ ఒక మిషన్ను పాడు చేశాక, దాన్నే ఇంకోదాంట్లో పెట్టడం తెలివైన పని కాదు. ఆ మాటే నేనూ అన్నాను. అచ్యుతరామయ్యగారు పాపను నా చేతికిచ్చారు. వీధి వంక చూస్తూ నిలబడ్డారు. నీలమ్మగారు ఆయన్ని చూసి, పళ్ళు కొరికి, నా చేతిలోంచి ఫ్లాపీ లాక్కుని పెట్టారు.

సినిమా ఇంటర్వెల్ దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. ఎన్నిసార్లు ప్రయత్నించినా రెండో సగం రాలేదు.

"చెప్పుండ్రి సార్," అన్నారావిడ. "మీకు యాదికుంటది గద. చెప్పుండ్రి, కొడత."

అసలు విసుగు అక్కడ మొదలైంది. ఆయనకు కథ గుర్తుంది, మాటలూ గుర్తున్నాయి. కానీ ఆయన చెప్పరు, నటిస్తారు. గది ఈ మూల నుంచి ఆ మూలకు నడుస్తూ, తండ్రవుతారు, కూతురవుతారు, పోలీసవుతారు. చెప్పిన ప్రతిసారీ మాట మారుతుంది.

"సార్, గిది గట్ల లేకుండె. మొన్న తల్లి గీడ ఏడ్వలే."

"ఇప్పుడు ఏడుస్తుందమ్మా. బావుంది కదా?"

"శనివారం పొద్దుగాల మీరే ఏడుస్తరు. మొన్న ఏమన్నదో గదే చెప్పుండ్రి."

విలన్ పక్కనుండే రౌడీ మాటలు వచ్చేసరికి ఆవిడ చేతులు ఆపేశారు. "మొన్న ఊకున్న గని ఇగ ఊకోను. మా దిక్కు ఎవ్వరు గిట్ల మాట్లాడరు. మా మాటలు రౌడీలకే ఇస్తరు, గవి గూడ తప్పులే ఇస్తరా?"

"మరెలా అంటారో నువ్వే చెప్పు."

ఆవిడ చెప్పారు. ఆయన ఆగి, ఆవిడ చేత మళ్ళీ ఒకసారి అనిపించి, "అలాగే కొట్టు" అన్నారు. ఇంకోచోట ఆవిడ చెప్పింది ఆయన ఒప్పుకోలేదు. నాకైతే ఆయన మాటే బావుందనిపించింది.

ప్రతి సీను అయ్యాక ఆవిడ రెండు ఫ్లాపీల్లోకి ఎక్కించేవారు. అంతటితో ఊరుకోరు. కడిగిన ఫ్లాపీ తగిలిన మిషన్ను ఒక్కదాన్నే నమ్మక, వాటిని పట్టుకుని పక్కింటి జిరాక్సు కొట్టులో ఉన్న కంప్యూటరు దగ్గరికి నడిచి వెళ్ళి, అక్కడ తెరిచి, చివరి వాక్యం కనబడేదాకా చూసి వచ్చేవారు. అచ్యుతరామయ్యగారికి ప్రాణం పోతోంది.

"టైము లేదు నీలమ్మా! కాపీ అయిందని మిషనే చెప్పింది కదా?"

"చెప్పింది. మీరు గూడ ఫ్లాపీ భద్రంగుందని చెప్పిండ్రు, కండువల కెల్లి తీసుకుంట."

శుక్రవారం దీపాలు పెట్టే వేళకు ప్రింటు ఆయన చేతిలో ఉంది. పైన మొదటి పేజీ మీద 'మాటలు: అచ్యుతరామయ్య' అని ఆవిడే పెద్ద అక్షరాల్లో కొట్టారు. బొట్టు ఆ కాగితానికి పెట్టుకోమన్నారు, ఎంతైనా పెట్టుకోమన్నారు. ఫ్లాపీలు రెండూ చేతికిచ్చినప్పుడు ఆయన మళ్ళీ పాత పాటే అందుకున్నారు.

"రెండెందుకమ్మా? ఒకటి ఎవడైనా ఎత్తుకుపోతే?"

నీలమ్మగారు కుర్చీ వెనక్కి జరిపారు. రెండు రోజుల కోపమంతా అప్పుడు బయటికొచ్చింది.

"ఎత్తుకపోతే కథ ఆనికాడనన్న ఉంటది సార్, కొట్లాడి తెచ్చుకోవచ్చు. ఖరాబైతే ఎవ్వనికాడ ఉండది. నిన్న మీ దొంగ ఎవరు? మీరే! ఒకటి మీ ఇంట్ల పెట్టుండ్రి, ఒకటి ఇంకో ఇంట్ల పెట్టుండ్రి. ఒకే ఇంట్ల రెండు పెడితే అది ఒకటి లెక్కనే. పెట్టి మర్సిపోవద్దు, నడుమ నడుమ తెరిచి సూడాలె. తెరిచి సూడంది ఉన్నట్టు కాదు."

శనివారం చదవడం అయింది. హీరోగారు రౌడీ మాటలకు నవ్వారట, తల్లి సీను దగ్గర సిగరెట్టు ఆర్పేశారట. పేరు వేయడానికి చలపతిరావుగారు అందరి ఎదుటా మాటిచ్చారు. అచ్యుతరామయ్యగారు ఆ మాట చెప్పడానికి వస్తే, నీలమ్మగారు ముందు అడిగింది రెండో ఫ్లాపీ ఎక్కడుందని. ఆయన వేరే ఇంట్లో ఎవరి దగ్గర పెట్టారో చెవిలో చెప్పారు. నాకు చెప్పలేదు.

మేము చివరికి కంప్యూటర్ కొన్నాం. నా పాఠాలన్నీ అందులోనే ఉన్నాయి. పాప ఏ రోజు ఏ మాట కొత్తగా అంది, ఏ జ్వరానికి ఏ మందు పడలేదు, అవీ అందులోనే రాస్తున్నాను. వాటి ఫ్లాపీ ఒకటి మా ఇంట్లో, రెండోది వెంగళరావు నగర్‌లో మా అక్కవాళ్ళ బీరువాలో. మా బావగారు నవ్వుతారు, "నీ పాఠాలు ఎవడెత్తుకుపోతాడమ్మా?" అంటారు. నవ్వనివ్వండి. నెలకోసారి వెళ్ళినప్పుడు, చెప్పులు విప్పి, అక్క టీ పెట్టేలోపే, ఆ ఫ్లాపీ తీసి వాళ్ళ కంప్యూటర్లో పెట్టి చివరి వాక్యం దాకా తెరిచి చూస్తాను. ఆ తర్వాతే టీ.