సముద్రంలో మూడు మునకలు

నేను ఇల్లందు దగ్గర బొగ్గుగనిలో డంపర్ల మెకానిక్‌ని. కిందటేడు ట్రైనింగ్ కోసం మమ్మల్ని జపాన్ పంపారు. ఒక ఆదివారం నేనూ, నాతో వచ్చిన సమ్మయ్యా సముద్రం మీద కట్టిన పాతకాలపు షింటో గుడికి వెళ్లాం. గుడంతా నీళ్లలో పాతిన చెక్క స్తంభాల మీదే నిలబడి ఉంది. ఎదురుగా సముద్రంలో, గుడి ద్వారంలా నిలబెట్టిన పెద్ద ఎర్ర చెక్క తోరణం.

వీడియోకాల్‌లో చూపిస్తే పినపాకలో ఉన్న మా ఆవిడ చేతులు జోడించింది. "గుడి నీళ్లల్లనే ఉంటే మునగకుంట లోపలికి పోతవా ఏంది? మూడు మునకలెయ్" అంది.

నిజమే అనిపించింది. గోదావరిలో మునగకుండా భద్రాచలం రాముణ్ని నేనెన్నడూ చూడలేదు. బట్టలు విప్పి, తువ్వాలు చుట్టుకుని, నడుములోతు నీళ్లలోకి దిగి, ముక్కు మూసుకుని మూడుసార్లు మునిగాను. తోరణానికి దండం పెట్టి, తువ్వాలు విప్పి పిండుకుంటున్నాను.

"అన్నా, జల్దీ బయటికి రా! గాళ్ల పెళ్లి ఫోటో నీ కోసమే ఆగింది!" అని సమ్మయ్య కేకేశాడు.

వెనక్కి తిరిగాను. గుడి వసారాలో పెళ్లిబట్టల్లో కొత్త జంట, వాళ్ల చుట్టాలు, కెమెరా దించేసిన ఫోటోగ్రాఫర్. నీళ్లలో చెడ్డీతో నేను. ఒక్కరూ తిట్టలేదు, నవ్వలేదు. అందరూ మెల్లగా మొహాలు పక్కకు తిప్పుకున్నారు. మా గోదావరి గట్టు మీద లాగా ఎవరైనా కసిరినా బాగుండేది!

రాత్రి మా ఆవిడ "మంచిగ మునిగినవా?" అని అడిగింది. "అవ్" అన్నాను, అంతే.

కెమెరా దించకముందు ఆ ఫోటోగ్రాఫర్ ఎన్ని ఫోటోలు తీశాడో తెలియదు. ఎక్కడో ఒక జపాన్ జంట పెళ్లి ఆల్బంలో, ఎర్ర తోరణం ముందు, నా తడి వీపు ఉండే ఉంటుంది.