రాయదుర్గం సభలో హనుమక్క అడగని ప్రశ్న

డెబ్బై దాటిన మనిషి ఒక ఉపన్యాసం కోసం అనంతపురం నుంచి రాయదుర్గం దాకా పోవడమేమిటని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. నేను బడిలో చదివింది తక్కువ. బస్టాండు పక్కన పాత పుస్తకాల బండి పెట్టుకుని, అమ్మినవాటికంటే చదివినవే ఎక్కువ చేసుకున్నవాణ్ణి. అందుకే మైకు, నాలుగు కుర్చీలు కనిపిస్తే నా కాలు ఆగదు. ఈసారి ఫోనులో వచ్చిన కబురు ‘నేల, నీరు, తిండి: మన ఆరోగ్యం’ అని. మాట్లాడేది మా ఊరి డాక్టరే, ఆయన ఆసుపత్రి మా వీధికి నడిచేంత దూరం. పక్క వీధి మనిషిని వినడానికి మూడో తాలూకా దాకా పోయానంటే నా తెలివి మీకు అర్థమై ఉంటుంది.

ఆదివారం పొద్దున ఆరున్నరకు బయలుదేరాను. కళ్యాణదుర్గం మీదుగా పోయే బస్సు ఎక్కండి, రెండున్నర గంటల పైనే పడుతుంది. ముసలివాళ్లకు టికెట్‌లో రాయితీ ఉంది కానీ ఆధార్ కార్డు చూపాలి. నేను ఇంట్లో మరిచి నిండు చార్జీ, నూరు రూపాయల పైమాటే, ఇచ్చుకున్నాను. దారి పొడుగునా ఎర్రనేల, బోడిగుట్టలు, వాటి మీద తిరిగే గాలిమరలు. గాలికి మాత్రం మా జిల్లాలో ఎన్నడూ కరువు రాలేదు. కళ్యాణదుర్గంలో బస్సు కాసేపు ఆగితే దిగి బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నాను, నలభై రూపాయలు. “ఏమప్పా, ఉగ్గానిలో శెనక్కాయ విత్తనాలు ఎతుక్కోవాల్సి వచ్చిందే?” అంటే, బాణలి దగ్గరి మనిషి తలెత్తకుండానే, “వాన పడనీ అన్నా, పిడికెడు వేస్తా,” అన్నాడు.

సభ ఒక కళ్యాణమండపంలో. డాక్టరు బాగా మాట్లాడారు. మన వేరుశనగ గురించే ఎక్కువ చెప్పారు. కాయలు తడిస్తే, తడిగానే మూటగడితే బూజు పడుతుందనీ, ఆ బూజు విషం కాలేయాన్ని దెబ్బతీస్తుందనీ అన్నారు. వలవడానికి సులువని కాయల మీద నీళ్లు చల్లడం మానాలన్నారు. ఇంకో ఊళ్లో సభ ఉంది, ప్రశ్నలకు పది నిమిషాలే సమయం అని కూర్చున్నారు.

మైకు మొదట నా చేతికే వచ్చింది. నేను అడగాలనుకున్నది చిన్న విషయమే. కానీ దానికి ముందు మా నాయన ఎద్దులతో కపిలి తోలి నీళ్లు తోడిన బావి గురించి చెప్పాలనిపించింది. బావి చెబితే ఎద్దుల సంగతి చెప్పకుండా ఎలా? ఎద్దుల్లో ఒకటి శుక్రవారం నాడు కదిలేది కాదు. జనం నవ్వారు. ఆ నవ్వు నాకు కల్లు లాంటిది. నిర్వాహకుడొకాయన చెవి దగ్గరకొచ్చి, “అన్నా, ప్రశ్న, ప్రశ్న,” అంటున్నాడు. “వస్తాండా నాయనా, ఎద్దు ఇంకా బావి కాడే ఉండాది,” అంటే మళ్లీ నవ్వు. రెండో వరుసలో ఒకామె లేచి, చేయి సగం దాకా ఎత్తి నిలబడింది. బయటికి పోవాలేమో అనుకున్నాను. చివరికి డాక్టరు గడియారం చూసుకుని, “పెద్దాయన నాకంటే బాగా మాట్లాడారు,” అని దండం పెట్టి కారెక్కారు. చప్పట్లు నాకే.

ఆ చప్పట్ల వేడి తగ్గకముందే, బస్టాండులో ఆ రెండో వరుసామె నా దగ్గరికి వచ్చింది. పేరు హనుమక్క, గుమ్మఘట్ట దగ్గరి పల్లె.

“సామీ, మీరూ డాక్టరేనా?”

“కాదమ్మా.”

“అంతసేపు మాట్లాడినారు గదా, తెలిసే ఉంటాదిలే. నేను కూలికి శెనక్కాయలు వలిచేకి పోతాను. మంచి విత్తనాలు సావుకారు తీసుకుంటాడు, నల్లబడినవీ ముడుచుకున్నవీ మాకిస్తాడు. ఇంట్లో మూట ఉండాది. దాంతోనే ఊరిమిండి పచ్చడి నూరి సంగటిలోకి పెడ్తాండా. మా ఇంటాయనకు కామెర్లొచ్చి ఇప్పుడిప్పుడే లేస్తాండాడు. బాగా మాడేదాకా వేయించితే ఇసం పోతాదా?”

నాకు తెలియదు. ఆ మాటే చెప్పాను. “మరి ఆయప్పను అడుగుదామని లేస్తినే,” అంది. కోపంగా కాదు, జరిగింది చెప్పినట్టు. “మీ ఎద్దు కదల్లేదు.”

డాక్టరును అడిగి ఫోను చేస్తానన్నాను. ఫోను కొడుకు దగ్గరుందట, కొడుకు బళ్లారిలో ఉన్నాడట. అయితే నేనే వచ్చి చెబుతానన్నాను. నమ్మినట్టు కనిపించలేదు.

సోమవారం సాయంత్రం ఆసుపత్రిలో చీటీ రాయించుకుని కూర్చున్నాను. “కపిలి బావి పెద్దాయన గదా! మీ ప్రశ్నేమిటో చివరికీ తెలియలేదు,” అని డాక్టరు నవ్వారు. నేను నవ్వలేకపోయాను. హనుమక్క ప్రశ్న అడిగాను. జవాబుకు పట్టింది రెండు గుక్కల సేపు: “వేయిస్తే కొంత తగ్గొచ్చు కానీ పోదు, తినొద్దనండి. పశువులకూ పెట్టొద్దు, పాలలోకి వస్తుంది. పెట్టి ఉంటే మానేసి మంచి మేత వేయమనండి, కొన్నాళ్లకు పాలు బాగుపడతాయి.”

మంగళవారం మళ్లీ అదే బస్సు, ఈసారి ఆధార్ కార్డుతో. రాయదుర్గం నుంచి గుమ్మఘట్టకు ఇంకో బస్సు, అక్కడి నుంచి ఆటో. ఆటో అతను నూటయాభై అడిగి, “చుట్టాలింటికా సామీ?” అన్నాడు. ఒక మాట చెప్పి రావాలన్నాను. “ఒక మాటకు ఆటో కట్టుకుని వస్తివా! పో సామీ, ఎగతాళి చేస్తాండావు.”

హనుమక్క పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఆమె భర్త గోడకానుకుని, లోటా ఒళ్లో పెట్టుకుని చూస్తున్నాడు. నన్ను చూడగానే, “వస్తివా సామీ! కత వద్దు, మాట చెప్పు,” అంది.

“వేయించినా పోదమ్మా. తినొద్దన్నారు.”

“అది నేను ఆ పొద్దే ఇడిసినా. అనుమానం ఉన్నేది మనిషికి ఎందుకులే అని బర్రెకు పెడ్తాండా. సగం మూట అయిపాయ.” తన తెలివికి తానే కొంచెం మురిసినట్టు నవ్వింది.

పొయ్యి మీద పాలు పొంగడానికి సిద్ధంగా ఉన్నాయి. రెండో మాట, ఆ పాల సంగతి, కూడా చెప్పాను. ఆమె నా వైపు చూడలేదు. కొంగుతో గిన్నె దించి, పెరట్లోకి తీసుకుపోయి, దిబ్బ మీద పారబోసింది. కొన్నాళ్లు మంచి మేత పెడితే పాలు మళ్లీ బాగుపడతాయట అన్నాను. ఎన్నాళ్లని అడిగింది. అది నేను డాక్టరును అడగలేదు. ఆమె భర్త ఖాళీ లోటా చాపి, “నీళ్లన్నా పొయ్ మే,” అన్నాడు.

నాకు బెల్లం వేసిన నల్ల టీ ఇచ్చింది. తిట్టలేదు. తిట్టి ఉంటే ఆ తిట్లను కూడా ఒక కథ చేసుకుని మీకు నవ్వు తెప్పించేవాణ్ణేమో. తిరుగు బస్సులో ఎద్దు కథ నాలో నేను చెప్పుకుని చూశాను, ఎక్కడా నవ్వు రాలేదు. ఇన్నేళ్లూ నా మాటలు వినేవాళ్లకు కాలక్షేపమనే అనుకున్నాను. వాళ్ల కాలం వాళ్లకు అవసరమై ఉంటుందని తోచలేదు. ఆ రెండో వరుసలో సగం ఎత్తిన చేయి మాత్రం కళ్యాణదుర్గం దాటినా దిగలేదు.

ఇలాంటి సభకు పోయేవాళ్లకు ఒక సలహా. మైకు చేతికొస్తే నోరు తెరిచే ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. ఎవరి చేయి సగంలో ఆగి ఉందో, వాళ్లకు ఇచ్చి కూర్చోండి.