దీపం పెట్టిన ఫోటో

పుస్తకం పట్టుకుని ఫోటో దిగిన మనిషి ఆ పుస్తకం చదవడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరైనా ఈ మాట అని ఉంటే పోట్లాడేదాన్ని. ఇప్పుడు రోజూ కళ్లారా చూస్తూ నోరు మూసుకుని కూర్చుంటున్నాను.

ఉప్పాడ వెళ్లే రోడ్డు మీద, సముద్రానికి కాస్త ఇవతల, ఒక చిన్న శాఖా గ్రంథాలయంలో నేను లైబ్రేరియన్ని. రెండు గదులు, ముందు ఒక వరండా. ఉప్పుగాలికి ఇనుప బీరువాలు తుప్పు పడతాయి, పుస్తకాల అట్టలు చెమ్మకు ఉబ్బుతాయి. పొద్దున్నే పేపర్ల కోసం పెద్దవాళ్లు వస్తారు. తర్వాత టీచరు ఉద్యోగాల పరీక్షలకు చదివే ఆడపిల్లలు వచ్చి ఫ్యాను కింద బెంచీలు పట్టుకుంటారు. సాయంత్రం చేపల వేటకు వెళ్లేవాళ్ల ఇళ్ల పిల్లలు బడి సంచులతోనే వచ్చి బొమ్మల పుస్తకాలు తిరగేస్తారు. ఇంతే మా లైబ్రరీ. నాకు ఇది సరిపోయేది.

పై ఆఫీసు వాళ్లకు సరిపోలేదు. జనమంతా ఫోన్లలో ఉన్నారు కాబట్టి గ్రంథాలయం కూడా ఫోన్లలోకి వెళ్లాలన్నారు. వాట్సాప్ గ్రూపు పెట్టాలి, ఫేస్‌బుక్‌లో పేజీ తెరవాలి, రోజూ పాఠకుల ఫోటోలు పెట్టాలి. నెలాఖరు మీటింగులో ఎవరి పేజీ ఎలా ఉందో చూస్తామన్నారు. నిజం చెప్పాలంటే మొదట నాకూ నచ్చింది. గ్రూపు పెట్టిన కొత్తలో ఒక నర్సమ్మ డ్యూటీలో ఉండగానే ఫలానా పుస్తకం ఉందా అని అడిగింది, ఉందంటే సాయంత్రం వచ్చి తీసుకెళ్లింది. ఇందుకైతే ఈ ఫోను బంగారం అనుకున్నాను.

ఆ ముచ్చట ఎన్నాళ్లో నిలవలేదు. తెల్లారేసరికి రోజాపూలు, పొగలు కక్కే కాఫీ కప్పులు, దేవుళ్లు, బైబిలు వాక్యాలు, ఎవరో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీలు గ్రూపు నిండా పరుచుకునేవి. ఎవరైనా పుస్తకం గురించి అడిగితే ఆ ప్రశ్న ఈ పూల కింద పడి కనిపించకుండా పోయేది. పోనీ గ్రూపులోంచి బయటికి వెళ్దామా అంటే, ఫలానావారు వెళ్లిపోయారని అందరికీ తెలిసిపోతుంది. మా వైపు మర్యాదలకు అది పెళ్లిలో విస్తరి ముందు నుంచి లేచి వెళ్లినంత తప్పు. అందుకని అందరూ ఉంటారు, ఎవరూ చదవరు. ఏది వచ్చినా చేతులు జోడించిన బొమ్మ ఒకటి నొక్కి పడేస్తారు.

ఫోటోల సంగతి ఇంకా రోత. ఆ ఫోటోలు తీసేది మా పాఠకుల సంఘం అధ్యక్షులు గారు, ఊళ్లో ఐసు ఫ్యాక్టరీ యజమాని. లైబ్రరీకి ఫోను లేదు, నా సొంత ఫోన్లో ఊరందరి గ్రూపూ నడపడం నాకు ఇష్టం లేదు. ఆయనే ముందుకొచ్చి గ్రూపూ పేజీ తన ఫోన్లోనే తెరిచారు. రోజూ వచ్చేవారు. చదువుకుంటున్న ఆడపిల్లలను తల ఎత్తమనేవారు, నలిగిన గైడు పక్కన పెట్టించి నిగనిగలాడే అట్ట ఉన్న లావు పుస్తకం చేతికిచ్చేవారు. ఫోటోల్లో బాగా పడుతున్నాయని అలాంటి పుస్తకాలు కొన్ని విడిగా ఒక అరలో పెట్టించి, అట్టలు పాడవుతాయి, వాటిని ఎవరికీ ఇవ్వొద్దండి అని నాకు చెప్పారు. లైబ్రరీలో పుస్తకం ఎవరికీ ఇవ్వొద్దట!

ఆయన చెడ్డమనిషి కాదు. ఎంత చిన్న ఉద్యోగం చేసేవాళ్లనైనా అండి అనకుండా పలకరించరు. అదే నా ప్రాణానికి వచ్చింది. కసురుకునే మనిషితో తగువు పెట్టుకోవచ్చు. తియ్యగా మాట్లాడే మనిషికి కాదని చెప్పడం మా వైపు ఎవరికీ చేతకాదు, నాకు అసలే చేతకాదు.

ఇంత గోలలోనూ శనివారం సాయంత్రం మాత్రం మా లైబ్రరీ లైబ్రరీలాగే ఉండేది. సామర్లకోటలో తెలుగు చెప్పి రిటైరైన ఒక మాస్టారు మా ఊళ్లో స్థిరపడ్డారు. బాప్టిస్టు కుటుంబం, ఆదివారం చర్చిలో వాక్యం చదివే గొంతు. ఆ గొంతుతో శనివారం సాయంత్రం పిల్లలకు కథ చదివి వినిపించేవారు. చదవడమే, చెప్పడం కాదు. పుస్తకం తెరిచి, వేలు పెట్టి, ఒక్క అక్షరం మింగకుండా చదివేవారు. సముద్రం మీద దారి తప్పిన అన్నదమ్ముల కథ ఒకటి నెలల తరబడి సాగుతోంది. మంచి పట్టులో ఉండగా పుస్తకం మూసేసేవారు. పిల్లలు గొణుక్కుంటూ లేచేవారు, మళ్లీ శనివారానికి అందరికంటే ముందు వచ్చి చాప పరిచేవారు. వాళ్లలో కొందరికి బడిలో చదవడం ఇంకా కూడబలుక్కోవడమే. మాస్టారి పక్కన కూర్చుని, ఆయన వేలు వెంట కళ్లు పోనిచ్చి, అక్షరం పట్టుకుంటున్నారు. నా ఉద్యోగంలో నేను గర్వపడింది ఈ ఒక్క దానికే. ఇది పోతే ఆ గదిలో మిగిలేది బీరువాలూ నేనూ.

అధ్యక్షులు గారి కన్ను దీని మీద పడింది. కథకు ఒక పేరు పెట్టి, పిల్లల తల్లులందరినీ గ్రూపులో చేర్చి, ఒక శనివారం లైవు పెట్టారు. పిల్లలందరూ మాస్టారి వైపు వీపు తిప్పి ఫోను వైపు చూస్తూ కూర్చున్నారు. మాస్టారు వాళ్ల వీపులకు కథ చదివారు. తర్వాత నా దగ్గరికొచ్చి మంచినీళ్లు తాగి, వచ్చే వారం మళ్లీ ఈ పేజీల దగ్గర నుంచే మొదలుపెట్టాలమ్మా, ఒక్కరూ వినలేదు అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

ఆ సోమవారమే అసలు ఘనకార్యం జరిగింది. మాస్టారిని గౌరవిద్దామని అధ్యక్షులు గారికి బుద్ధి పుట్టింది. నిజంగా గౌరవిద్దామనే. మాస్టారి పాత ఫోటో ఒకటి ఎక్కడో సంపాదించారు, నలుపు తెలుపుది. ఫోన్లో ఫ్రేములు అతికించే యాప్ ఉంటుంది కదా, అందులో బంతిపూల దండా, కింద ఒక పక్క వెలుగుతున్న దీపమూ ఉన్న ఫ్రేము ఎంచుకున్నారు. సంప్రదాయంగా ఉంటుందనుకున్నారట. కింద, మన మాస్టారి సేవలు మరువలేనివి అని రాశారు. గ్రూపులోనూ పేజీలోనూ పెట్టేసి ఫ్యాక్టరీకి వెళ్లిపోయారు.

దండ, దీపం, నలుపు తెలుపు మొహం. మా ఊళ్లో ప్రతి కూడలిలో ఇలాంటి ఫ్లెక్సీ ఏదో ఒకటి ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది, అది ఎందుకు కడతారో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎవరో ఓం శాంతి అన్నారు. ఇంకొకరు వారి ఆత్మకు శాంతి కలగాలన్నారు. చర్చి వాళ్లు ప్రభువు ఆదరణ కలుగజేయును గాక అని రాశారు. ఇక ఆగలేదు. నేను స్టాకు చూసుకుని మధ్యాహ్నం ఫోను తీసేసరికి గ్రూపు మొత్తం ఏడుస్తోంది. కింద రాసింది ఒక్కరు చదవలేదు. మాస్టారికి ఏమైందని ఒక్కరు ఫోను చేయలేదు. వేలు ఆడించి శాంతి ప్రసాదించి ఎవరి భోజనానికి వాళ్లు వెళ్లిపోయారు.

లైబ్రరీ తలుపు దగ్గరేసి మాస్టారి ఇంటికి పరుగెత్తాను. ఆయన దగ్గర ఉన్నది బటన్ల ఫోను, ఈ గ్రూపు ఊసే ఆయనకు తెలియదు. నేను వెళ్లేసరికి చర్చి నుంచి ఇద్దరు పెద్దలు పాటల పుస్తకాలతో గుమ్మంలో నిలబడి ఉన్నారు. తలుపు తీసింది మాస్టారే. వాళ్లు ఏం చేయాలో తెలియక, వచ్చాం కదా అని ఒక ప్రార్థన చేసి వెళ్లారు. ఆయన నవ్వేశారు. నేను నవ్వలేకపోయాను.

గ్రూపులో రాశాను. మాస్టారు క్షేమంగా ఉన్నారు, అది గౌరవ సూచకంగా పెట్టిన ఫోటో అని వివరంగా, అర్థమయ్యేలా రాశాను. దాని కింద వెంటనే నాలుగు దండాలు పడ్డాయి. ఐదోది ఓం శాంతి. చీ అనిపించింది.

ఫోటో తీసేయమని అడగడానికి ఐసు ఫ్యాక్టరీకే వెళ్లాను. ఆయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, కూల్‌డ్రింకు తెప్పించి, చాలా బాధపడ్డారు. పొరపాటైపోయిందండి అన్నారు. తీసేయండి మరి అన్నాను. అప్పుడు నెమ్మదిగా అసలు సంగతి చెప్పారు. మన పేజీ పుట్టిన దగ్గర నుంచీ దేనికీ ఇంత స్పందన రాలేదట. పై ఆఫీసులో పెద్ద సారు కూడా చప్పట్ల బొమ్మ పెట్టారట.

“ఇప్పుడు తీసేస్తే బాగోదండి మేడమ్ గారు. ఇంతమంది పెద్దలు సంతాపం చెప్పేరు. వాళ్లని అవమానించినట్టు ఉంటదండి.”

బతికున్న మనిషిని దీపం ముందు కూర్చోబెట్టడం అవమానం కాదు, సంతాపం వెనక్కివ్వడం అవమానం. చావుకు చప్పట్లు కొట్టిన ఆ పెద్ద సారును ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన తెప్పించిన కూల్‌డ్రింకు ముట్టుకోకుండా వచ్చేశాను. మా వైపు అది తిట్టు కిందే లెక్క.

శనివారం వచ్చింది. మాస్టారు ఎప్పటిలాగే వచ్చి, గుర్తు పెట్టుకున్న పేజీ తెరిచి కూర్చున్నారు. చాప నేనే పరిచాను. ఒక్క పిల్ల రాలేదు, ఒక్క పిల్లాడు రాలేదు. వారమంతా సాయంత్రాలు కూడా రాకపోతే బడిలో పరీక్షలేమో అనుకున్నాను. ఎందుకు రాలేదో మెల్లగా అర్థమైంది. తల్లుల్లో చాలామందికి చదువు రాదు. దండా దీపమూ చదవడానికి చదువు అక్కర్లేదు. నేను రాసిన సవరణలో ఉన్నవన్నీ అక్షరాలే. ఇక చదివేవారు లేరనుకుని పిల్లలను పంపడం మానేశారు. చీకటి పడేదాకా మాస్టారు ఆ పేజీ తెరిచి ఉంచే కూర్చున్నారు. వెళ్లేటప్పుడు, నేనే వెళ్లి చెప్పి రావాలమ్మా, నేను చచ్చిపోయానని పిల్లలు అనుకోకూడదు అన్నారు.

అన్నట్టే మర్నాడు చర్చి అయ్యాక ఆ పిల్లలుండే చేపలవాళ్ల పేటకు వెళ్లారు. సముద్రం తినగా మిగిలిన ఆ ఇళ్ల వరసలో గుమ్మం గుమ్మానికీ ఆగి, తన కథ సగంలో ఉందని, పిల్లలను పంపమని అడిగారు. ఆ వయసులో, ఆ ఇసుకలో, తాను బతికున్నానని ఇంటింటికీ చెప్పుకోవాల్సి వచ్చింది. కొందరు ఆడవాళ్లు కొంగుతో మొహం కప్పుకున్నారట సిగ్గుతో. సిగ్గుపడాల్సిన వాళ్లు మాత్రం పడలేదు.

తర్వాతి శనివారం పిల్లలు వచ్చారు. దూరంగా కూర్చుని ఆయన్ని వింతగా చూస్తున్నారు. అందరికంటే చిన్నపిల్ల దగ్గరికి వెళ్లి, ఆయన మోకాలి మీద చెయ్యి వేసి చూసి అడిగింది.

“మీరు సచ్చిపోయేరంట కదండీ మాస్టారండీ?”

“కథ సగంలో వదిలేసి ఎలా పోతానమ్మా” అన్నారాయన.

పిల్లలు నవ్వారు, దగ్గరికి జరిగారు. మాస్టారు చదవడం మొదలుపెట్టారు. రెండు పేజీలు అయ్యాయో లేదో, వరండాలో చెప్పుల చప్పుడైంది. అధ్యక్షులు గారు. ఆయన ఊరికే రాలేదు, పొరపాటు దిద్దుకోవడానికి వచ్చారు. మాస్టారు ఫోనులోకి చూసి బతికే ఉన్నానని ఒక్క ముక్క చెబితే లైవులో అందరికీ తెలిసిపోతుందన్నారు. నేను కథ అయ్యాక చూద్దామన్నాను, వినలేదు. మాస్టారు మాత్రం పుస్తకంలో వేలు ఉంచి ఓపిగ్గా ఆగారు. ఈలోగా పిల్లల్లో ఎవరో ఇందాకటి ముచ్చట అధ్యక్షులు గారికి చెప్పేశారు. ఆయన మొహం వెలిగిపోయింది. ఆ చిన్నపిల్లను తెచ్చి మాస్టారి మోకాలి దగ్గర నిలబెట్టి, గౌను సర్ది, ఫోను ఎత్తి పట్టుకున్నారు.

“ఇందాక ఏమన్నావమ్మా? మళ్లీ అను. ఇటు చూసి అను.”

ఆ పిల్ల మాస్టారి వైపు చూడలేదు. ఫోను వైపు చూసి, మొహాన నవ్వు అతికించుకుని, సచ్చిపోయేరంట కదండీ అంది. సరిగ్గా రాలేదని ఇంకోసారి అనిపించారు. రెండోసారి ఇంకా బాగా నవ్వింది.

మాస్టారు పుస్తకం మూశారు. తన గురించి ఎంత జరిగినా నవ్విన మనిషి అప్పుడు మాత్రం నవ్వలేదు. గొంతు పెంచకుండానే అన్నారు.

“నేను బతికున్నట్టు ఈ పిల్లలకి తెలిసిందండి. నాకు అది చాలు. మీ ఫోనుకి తెలియక్కర్లేదండి.”

లేచి నా బల్ల దగ్గరికొచ్చి, పుస్తకం తన కార్డు మీద రాయించుకుని, చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు. అధ్యక్షులు గారు, పెద్దాయన నొచ్చుకున్నట్టున్నారండి అని నాతో అన్నారు. నేను పిల్లలను లేపి చాప చుట్టేశాను. నోరు తెరిచి ఉంటే ఆ రోజు మర్యాద మిగిలేది కాదు.

ఇప్పుడు కథ పేటలో వలలు బాగుచేసుకునే పాకలో జరుగుతోంది. తల్లులు కూడా వల అల్లుకుంటూ వింటున్నారు. అన్నదమ్ములు ఇంకా ఒడ్డు చేరలేదు. లైబ్రరీలో ఆ గది ఖాళీ, కానీ పేజీకి ఆ లోటు తెలియదు. అధ్యక్షులు గారు లైవులోంచి తీసిన పాత ఫోటో ఒకటి ప్రతి శనివారం పెడుతున్నారు, మాస్టారూ పిల్లలూ ఉన్నది, పిల్లలందరూ ఫోను వైపు చూస్తున్నది. ఈ వారం కథ దిగ్విజయంగా జరిగింది అని రాస్తారు. చప్పట్లు పడతాయి, దండాలు పడతాయి. నెలాఖరు మీటింగులో మా శాఖను మిగతావాళ్లకు ఆదర్శంగా చూపించారు. నన్ను నిలబడమన్నారు, నిలబడ్డాను.

లైబ్రేరియన్ని కదా, శనివారం సాయంత్రం నేను లైబ్రరీలోనే ఉండాలి. అందుకని పూట సెలవు పెట్టి, ఫోను ఇంట్లో వదిలేసి, ఆ పాకకు వెళ్లి ఇసుకలో కూర్చుని కథ వింటున్నాను.