వెనక ఉండాల్సిన జాకెట్: సిద్దిపేట నుంచి హుస్నాబాద్ దాకా వానలో

ఏటా వానాకాలంలో మా సైకిల్ బృందం నాలుగు రోజుల యాత్ర చేస్తుంది. సికింద్రాబాద్ తిరుమలగిరిలో బయలుదేరి సిద్దిపేట, హుస్నాబాద్, హనుమకొండ, జనగామ మీదుగా మళ్ళీ అక్కడికే. ఈసారి వెళ్ళకూడదనుకున్నాను. నా భార్య సుజాత చలికాలంలో చనిపోయింది. బృందంలో చివరి సైకిల్ ఎప్పుడూ ఆమెదే. బృందాన్ని నడిపించే ప్రభాకర్ ఇంటికి వచ్చాడు. ఈ యాత్ర ఆమె పేరు మీద చేస్తున్నామని, నేను లేకపోతే బాగుండదని అన్నాడు. ఫ్లెక్సీలు మాత్రం వద్దన్నాను. సరేనన్నాడు. వెళ్ళాను. ఇక్కడ రెండో రోజు గురించి రాస్తున్నాను. ఆ దారిలో వెళ్ళాలనుకునేవారికి దారి వివరాలు పనికొస్తాయి. మిగతాది అంతకన్నా ఎక్కువ పనికొస్తుంది.

చివరి సైకిల్ అంటే ఏమిటో ముందు చెప్పాలి. గుంపుగా వెళ్ళేటప్పుడు ముందు ఒకరు దారి చూపిస్తారు, వెనక ఒకరు కనిపెట్టుకుని ఉంటారు. వెనకున్న మనిషి ఎవరినీ దాటకూడదు. ఎవరి టైరులో గాలి పోయినా, ఎవరు అలసిపోయినా, వారితో పాటు ఆగాలి. దూరం నుంచి గుర్తుపట్టడానికి మెరిసే పట్టీలున్న ఆకుపచ్చ జాకెట్ వేసుకోవాలి. ఇన్నేళ్ళలో సుజాత ఒక్కసారి కూడా ఇంకొకరి కన్నా ముందు చేరలేదు. దాంతో మా వాళ్ళకు ఒక అలవాటు పడింది. ఆగిన చోట జాకెట్ కనిపించిందంటే అందరూ వచ్చేసినట్టే. తలలు లెక్కపెట్టేవారు కాదు. ఆ అవసరం రాలేదు.

మొదటి రోజు ఉదయం తిరుమలగిరిలో మా సామాన్ల వ్యాన్ చూసి ఆగిపోయాను. ఫ్లెక్సీ లేదు. వ్యాన్ ముందు, అద్దం కింద, సుజాత జాకెట్ కట్టి ఉంది. దానికి చామంతి దండ. ఆ జాకెట్ బృందానికి తిరిగి ఇచ్చింది నేనే. ఇంకొకరు వేసుకుంటారని ఇచ్చాను. ప్రభాకర్ దగ్గరికి వచ్చి, "అక్క జాగల ఇంకొకరిని పెట్టబుద్ధి గాలేదు సార్. వ్యానే ఎనక వస్తది. అక్క మన ఎనకనే ఉన్నట్టుంటది" అన్నాడు. చుట్టూ ఉన్నవారిలో కొందరు కళ్ళు తుడుచుకున్నారు. నేను వంగి టైర్లలో గాలి చూసుకున్నాను.

శామీర్‌పేట, ప్రజ్ఞాపూర్ మీదుగా సిద్దిపేట దాదాపు తొంభై కిలోమీటర్లు. రోడ్డు వెడల్పుగా, బాగుంటుంది. లారీలు ఎక్కువ కాబట్టి తెల్లవారకముందే నగరం దాటడం మంచిది. సిద్దిపేట బస్టాండ్ దగ్గర లాడ్జిలో ఇద్దరికి గది తొమ్మిది వందలు. సైకిళ్ళు కింద మెట్ల దగ్గర పెట్టుకోనిచ్చారు.

రెండో రోజు లేచేసరికి వాన. సన్నగా, తెరిపి లేకుండా పడుతోంది. లాడ్జి ఎదురుగా ఒక పెద్దావిడ బండి మీద ఉప్మా, పూరీ వేస్తోంది. ప్లేటు నలభై. తడిసిన బట్టల్లో వరసగా నిలబడ్డ మమ్మల్ని కింది నుంచి పైదాకా చూసి, "బస్సులు గిట్ల బంద్ వెట్టిన్రా సార్?" అని అడిగింది. లేదు, సరదాగా వెళ్తున్నామని మాలో ఒకరు చెప్పారు. ఆవిడ పూరీ తిప్పుతూ, "అయితే ఇంకో రెండు తినుండ్రి, సరదా శానా దూరం ఉన్నట్టున్నది" అంది. ఆ రోజు నేను నవ్వింది అక్కడే.

సిద్దిపేట నుంచి కోహెడ మీదుగా హుస్నాబాద్ నలభై కిలోమీటర్ల లోపే. ఎండ రోజయితే రెండున్నర గంటలు చాలు. వానలో గుంతలు నీళ్ళతో నిండి కనిపించవు. ముందున్నవారు చూసి కేకేస్తే వెనకున్నవారు తప్పుకోవాలి. అందుకే దగ్గర దగ్గరగా వెళ్ళాము. అందరికన్నా నెమ్మది రుబీనా. సీతాఫల్‌మండిలో ఉంటుంది, ఒక బడిలో లెక్కలు చెబుతుంది. పోయినేడు ఆమెకు సైకిల్ తొక్కడం నేర్పింది సుజాతే. కోహెడకు ముందు ఒక పెట్రోల్ బంకు వస్తే, టాయిలెట్‌కు వెళ్ళి వస్తానని నాతో చెప్పి పక్కకు తిప్పింది. దారి పొడుగునా ఆడవాళ్ళకు పనికొచ్చే టాయిలెట్ నాకు కనిపించింది అదొక్కటే. వెనక వ్యాన్ ఉంది కదా అని మేము సాగిపోయాము.

కోహెడ దాటాక ఒక వాగు వస్తుంది. దాని మీద వంతెన ఎత్తు తక్కువ. మేము దాటేటప్పుడు నీళ్ళు వంతెన అంచును తాకుతున్నాయి. వానాకాలంలో ఈ దారి పట్టేవారు సిద్దిపేటలోనే వాగు సంగతి అడిగి కదలాలి. హుస్నాబాద్ పొలిమేరలో వ్యాన్ హారన్ కొట్టుకుంటూ మమ్మల్ని దాటిపోయింది. రుబీనా అలసిపోయి అందులో ఎక్కి ఉంటుందనుకున్నాను.

హుస్నాబాద్‌లో మాకు సన్మానం. ఇది నాకు ముందు తెలియదు. ఒక ఫంక్షన్ హాలులో కుర్చీలు, మైకు, ఊరి పెద్దమనిషి ఒకాయన. గుమ్మం ఎదురుగా వ్యాన్ నిలబెట్టారు. వచ్చినవాళ్ళు జాకెట్‌కు దండం పెట్టి లోపలికి వెళ్తున్నారు. ఒకతను దాని పక్కన నిలబడి సెల్ఫీ తీసుకున్నాడు. నాకు చెప్పు తీసుకుని కొట్టాలనిపించింది. చెయ్యలేదు.

ముందు ఆడవాళ్ళకు శాలువాలు అన్నారు. మైకులో రుబీనా పేరు పిలిచారు. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచారు. నేను లేచి వ్యాన్ దగ్గరికి వెళ్ళి చూశాను. లోపల సంచులు తప్ప ఏమీ లేవు. డ్రైవర్ యాదగిరిని అడిగాను. శాలువాలు బండిలోనే ఉన్నాయి, తొందరగా రమ్మని ప్రభాకర్ ఫోన్ చేశాడట. దారిలో ఎక్కడా ఆపలేదట. రుబీనాను అసలు చూడలేదట. ఆమె బంకులో ఉన్నప్పుడు వ్యాన్ దాటిపోయింది. ఆమె ఫోన్ కలవడం లేదు.

వేదిక పక్కన ఉన్న ప్రభాకర్‌ను ఎవరు వెనక ఉన్నారని అడిగాను. అతను తలుపులోంచి వ్యాన్ వైపు చూశాడు.

"జాకెట్ వచ్చింది కద సార్. అందరు వచ్చినట్టే."

ఆ మాట అన్నాక అతనికి అర్థమైంది. ముఖం మారింది. అయినా పది నిమిషాలు ఆగమన్నాడు, పెద్దమనిషి మాట్లాడటం అయిపోతే వ్యాన్ పంపిస్తానన్నాడు. వ్యాన్ ముందు అప్పటికే కార్లు అడ్డంగా నిలిపి ఉన్నాయి. నేను ఆగలేదు. సైకిల్ తీసుకుని వచ్చిన దారినే వెనక్కి తొక్కాను.

వాన పెరిగింది. అంత కోపంతో సైకిల్ తొక్కడం అదే మొదటిసారి. ప్రభాకర్ మీద కోపం. దండం పెట్టిన ప్రతి ఒక్కరి మీద కోపం. సుజాత ఉంటే ఆ బంకు దగ్గర వానలో నిలబడి ఉండేది. అంతే ఆమె చేసే పని. దానికి దండ అక్కర్లేదు, నిలబడే మనిషి కావాలి.

వాగు ఇవతలి ఒడ్డున, హుస్నాబాద్ వైపు, రుబీనా కనిపించింది. సైకిల్ పక్కన పడి ఉంది, వెనక చక్రంలో గాలి లేదు. నీళ్ళు వంతెనను ముంచి రోడ్డు మీదికి వచ్చాయి, ఆమె బూట్లు తడుపుతున్నాయి. ఆమె ముఖం అవతలి ఒడ్డు వైపు ఉంది. రెండు చేతులూ ఎత్తి ఊపుతోంది. గొడుగు పట్టుకున్న ఒక రైతు కొంచెం దూరంలో నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే, "మీ మనిషేనా సార్? గంట సంది చెప్తున్న, ఎనకకు జరుగమ్మా అని. ఇనదు" అన్నాడు.

నేను పిలిస్తే ఆమె వెనక్కి తిరిగి అయోమయంగా చూసింది.

"మీరు అటు నుంచి ఎట్ల వచ్చిన్రు అంకుల్? జాకెట్ ఇంక రాలే."

ఎందుకు ఇక్కడే నిలబడ్డావని అడిగాను. వంతెన దాటగానే టైరు పంక్చరైందట. ఫోన్ తడిసి ఆగిపోయిందట. ఏమైనా అయితే ఉన్నచోటే ఉండాలి, జాకెట్ వచ్చేదాకా కదలకూడదని సుజాత నేర్పింది. ఆ తర్వాత నీళ్ళు పైకి వచ్చాయి.

"వ్యాన్ అటు దిక్కే ఉన్నది కద అంకుల్. తెల్వక నీళ్ళల్ల దించుతరేమో అని చెయ్యూపుతున్న. నేను పోతే వాళ్ళకు ఎవరు చెప్తరు?"

జాకెట్ ముందుకు వెళ్ళిపోయిందని చెప్పాను.

"ముందుకా?" అంది. "అదెట్ల పోతది అంకుల్?"

ఆమె చెయ్యి పట్టుకుని రోడ్డు ఎత్తుగా ఉన్న చోటికి తీసుకొచ్చాను. ఆమె వణుకుతోంది. రైతు తన గొడుగు ఆమెకిచ్చి సైకిల్ మోసుకొచ్చాడు. టైరులో ట్యూబు మార్చాను. కాసేపటికి వ్యాన్ వచ్చింది. ఎక్కమంటే రుబీనా ఎక్కనంది. సైకిల్ మీదే వస్తానంది. ఆమె పక్కనే తొక్కుతూ హుస్నాబాద్ చేరాను.

హాలులో కుర్చీలు మడతపెడుతున్నారు. భోజనాలు అయిపోయాయి. ప్రభాకర్ రుబీనా దగ్గరికి వెళ్ళి క్షమించమన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు. చేతిలో నా శాలువా ఉంది.

"అక్క మీద గౌరవంతోనే చేసినం సార్."

"గౌరవం ఉంటే ఆమె పని చెయ్యాలె ప్రభాకర్. ఆమె బట్టను ఊరేగించుడు కాదు."

వ్యాన్ దగ్గరికి వెళ్ళి దండ తీసేశాను. తాళ్ళు తడిసి బిగుసుకున్నాయి. పళ్ళతో విప్పాను. జాకెట్ పిండి ప్రభాకర్ చేతికిచ్చాను. హనుమకొండ దాకా నువ్వే వెనక అన్నాను. ఇన్నేళ్ళలో అతను ముందు తప్ప ఎక్కడా తొక్కలేదు. మరి ముందు ఎవరని అడిగాడు. రుబీనా అన్నాను.

హుస్నాబాద్ నుంచి ఎల్కతుర్తి మీదుగా హనుమకొండ నలభై అయిదు కిలోమీటర్ల పైన. మామూలుగా మూడు గంటల దారి. ఆ రోజు రుబీనా ఎంత వేగంతో తొక్కితే మేమూ అంతే వేగం. ఒకరిద్దరు గొణిగారు. దారిలో రెండు పంక్చర్లు. రెండుసార్లూ ప్రభాకర్ వానలో నిలబడ్డాడు. వీధి దీపాలు వెలిగే వేళకు హనుమకొండ చేరాము. అతను అందరికన్నా చివర వచ్చాడు, మోకాళ్ళ దాకా బురదతో. వచ్చి మమ్మల్ని ఒక్కొక్కరినీ వేలితో చూపిస్తూ లెక్కపెట్టాడు.

ఇది రాసేటప్పటికి కూడా నా కోపం పోలేదు. పోవాలని కూడా లేదు. ఇష్టమైన మనిషి పోతే ఆ చోటు ఖాళీగా ఉంచడం మర్యాద అనుకుంటారు. కొన్ని చోట్లు ఖాళీగా ఉంచకూడదు. అక్కడ ఉండాల్సిన మనిషి కోసం వానలో ఎవరో ఎదురుచూస్తూ ఉంటారు. సుజాత చనిపోయింది. ఈ మాట ఇంట్లో ప్రతి ఉదయం నాకు నేను చెప్పుకుంటున్నాను. రోడ్డు మీద మిగతావాళ్ళు కూడా చెప్పుకోవాలి.

గుంపుతో వెళ్ళేవారికి ఒక్క సలహా. బయలుదేరే ముందు చివర ఎవరని గట్టిగా అడగండి. ఒక మనిషి చెయ్యెత్తాలి. ఆ మనిషి నంబరు మీ దగ్గర ఉండాలి. ఎవరూ చెయ్యెత్తకపోతే, ఎంత పెద్ద పేరు మీద చేసే యాత్ర అయినా సరే, మీరు సైకిల్ ఎక్కకండి.