బావిలో సైకిల్ తొక్కిన పాపన్న

“తొక్కేది కాళ్లతో గదా మామా, కసరత్తు ఎదకెందుకు?”

పెళ్లయిన వారానికి ఈశ్వరి మొగుణ్ణి అడిగిన ప్రశ్న ఇది. పాపన్నకు నల్లమాడలో చిన్న పంక్చర్ అంగడి. ఎండాకాలం వస్తే దానికి తాళం వేసి ఊరూరా సైకిల్ ఆట ఆడేవాడు. మైదానం మధ్యలో గుండ్రంగా, రాత్రింబవళ్లు, నేల మీద కాలు పెట్టకుండా తొక్కాలి. సైకిల్ ఎక్కే ముందు పాత పంపు గొట్టం ఒకటి నోట్లో పెట్టుకునేవాడు. దాని అడుగు చిల్లును ఇంకొకరు బొటనవేలితో ముక్కాలు భాగం మూయాలి. మిగిలిన సందులోంచి, బుగ్గలు లోపలికి పోయేటట్టు, ఆయన గాలి లాగాలి.

“కాళ్లకంటే ముందు ఎద అలుస్తాదే పిచ్చిదానా. దాన్ని ముందే నిద్ర లేపితే ఆయాసం రాదు. రా, వేలు పెట్టు.”

ఆ నాటి నుంచి ఆ వేలు ఈశ్వరిదే.

1998 తర్వాత పల్లెల్లోకి టీవీలు వచ్చాయి, వానలు రాలేదు. మైదానంలో తిరిగే మనిషికి రూపాయి వేసేవాడే లేడు. గుమ్మఘట్టలో ఒకాయన ఎండిన బావి చూపించి ఎగతాళి చేశాడు: “దీంట్లో దిగి తొక్కప్పా, దుడ్లు రాల్తాయి.” పాపన్న దిగాడు. దుడ్లు రాలాయి. ఆ అడుగున గాలి ఆడదు, అయినా ఆయాసం రాలేదు. గొప్పంతా పంపుదే అన్నాడు. నీళ్ల కోసం జనం ఏటేటా బావులు లోతు చేసుకుంటూ పోయారు. ఆటా వాటి వెంటే కిందికి పోయింది. చివరికి బావి మీద టార్పాలిన్ కప్పి, డైనమో వెలుగులో గంటసేపు తొక్కడం మొదలైంది. కనబడని ఆటకు పందేలు ఇంకా ఎక్కువ పుట్టాయి.

చుట్టు తిరిగిన ప్రతిసారీ ఆయన బెల్లు కొట్టేవాడు. పైన నిలబడిన ఈశ్వరికి, బెల్లు మోగినంతసేపే మొగుడున్నట్టు.

2003 వేసవిలో శింగనమల దిక్కున ఒక పల్లె. అక్కడి బావిలో ఎప్పుడో పారేసిన, కాయలు తెంపిన శెనక్కాయ చెట్ల కట్టె కుళ్లి ఉంటే, ముందురోజు దాన్ని పక్కకు నెట్టి అడుగు చదును చేశారు. పాతబావిలో దిగే ముందు లాంతరు దించి చూడడం ఆ ఊళ్లల్లో పద్ధతి. బావుల పూడిక తీసే కొండప్ప లాంతరు దించాడు. అది మినుకుమినుకుమని, అడుగు చేరేసరికి ఆరిపోయింది.

“వద్దు పాపన్నా, ఈ పొద్దు గాలి బాగలేదు.”

“లాంతరు కసరత్తు చెయ్యలేదు గదన్నా, నేను చేసినా!”

జనం విరగబడి నవ్వారు. ఈశ్వరి కూడా నవ్వింది.

నడుముకు తాడు కట్టుకోమంటే, పెడలుకు చుట్టుకుంటుందని ఒప్పుకోలేదు. టార్పాలిన్ కప్పారు. బెల్లు మోగింది. మళ్లీ మోగింది. తర్వాత చాలా ఆలస్యంగా ఒకసారి. ఆ తర్వాత మోగలేదు.

“పట్ట తీయండన్నా!” అని అరిచింది ఈశ్వరి.

“గంట కాలేదు గదమ్మా. జనం పందేలు కట్టినారు, ఊరికే అరవద్దు,” అన్నాడు ఆట పెట్టించిన జయరాం.

ఆమె ఎవరి చేతిలోదో కొడవలి లాక్కుని పట్ట తాళ్లు కోసింది. వేపమండలు కట్టిన మోకులు దించి, ఊపి ఊపి గాలి కదిలించి, కొండప్ప దిగేసరికి చాలా సేపయింది. పాపన్న సైకిల్ మీంచి పడిపోయి లేడు. దాన్ని జాగ్రత్తగా గోడకు ఆనించి, పక్కనే చతికిలబడి ఉన్నాడు, కాస్త అలిసినట్టు.

తలరాత అన్నారు కొందరు. బావి బలి కోరిందన్నారు ఇంకొందరు. అదీ కాదు, ఇదీ కాదు. బావిలో మంచి గాలి లేదు, అంతే. శవపరీక్ష చేసిన డాక్టరు ఈశ్వరికి మెల్లగా చెప్పాడు: కసరత్తు ఎద కండరాలను గట్టిపరుస్తుంది గానీ, లేని ప్రాణవాయువును తెచ్చిపెట్టదు. మామూలు మనిషిని ఆయాసం ముందే హెచ్చరిస్తుంది. ఇతనికి ఆ హెచ్చరిక ఆలస్యంగా అంది ఉండొచ్చు.

“అంటే, నేను వేలు బాగా పెట్టినందుకా సార్?”



కర్మలయ్యాక ఆమె జయరాం దగ్గరికి వెళ్లింది. “గంట నిండలేదు గదమ్మా,” అన్నాడతను. ఒప్పుకున్న పదిహేను వందల్లో అడ్వాన్సు పోను వెయ్యి రూపాయలు ఈనాటికీ రావాల్సే ఉంది.