చెయ్యి పట్టు, ఉప్పు సూడు

మా అత్తమ్మ పోయారు. దవాఖానా నుంచి మా ఆయన ఫోన్ చేసి "అమ్మ ఇగ లేదు" అన్నప్పుడు నేను నాచారం ఇంట్లో ఆమె కోసం జావ కాస్తున్నాను. స్టవ్ ఆపాలని కూడా తోచలేదు.

ఆమె గురించి చెప్పాలంటే వంటింట్లోంచే మొదలుపెట్టాలి. మా గొడవంతా అక్కడే. దేవుడికి పెట్టేదాకా వండింది నాలుక మీద వేసుకోకూడదని ఆమె పట్టు. గుంటూరు నుంచి వచ్చిన నాకు ఉప్పు చూడకుండా గిన్నె దించడం చేతకాదు. "ఎంగిలి జేసి దేవునికి పెడ్తవా? ఉప్పు వాసనతోనే తెలుస్తది, జర ముక్కు పెట్టి సూడు" అనేవారు. నాకు తిక్క రేగేది. చివరికి ఒకరి వంట ఒకరం తినడం మానేశాం. ఉప్పల్‌లో వేరే ఇల్లు చూడమని మా ఆయనకు తెగేసి చెప్పాను.

అప్పుడే ఆయన ఆఫీసు పని మీద థాయ్‌లాండ్ వెళ్తూ మా ఇద్దరినీ వెంటబెట్టుకెళ్లారు. ఒక పూట అక్కడి వంటలు నేర్పే ఇంట్లో మమ్మల్ని దింపి, "ఇంటి సంగతి పోయినంక సూద్దాం, ఈ ఒక్క పూట కొట్లాడకున్రి" అని దండం పెట్టి మీటింగుకు పోయారు. ఇద్దరికీ కలిపి ఒకటే పొయ్యి.

అత్తమ్మ రోట్లో పచ్చిమిరప ముద్ద నూరిన తీరుకు నేర్పే ఆవిడ మురిసిపోయింది. కొబ్బరిపాలలో కూర ఉడికాక చెంచాతో తీసి "టేస్ట్, టేస్ట్" అంది. అత్తమ్మ తల అడ్డంగా ఊపారు. కారానికి భయమనుకుందేమో, ఆవిడ చెంచాను నోటి దగ్గరకే తెచ్చింది. అత్తమ్మ వెనక్కి జరిగారు. పక్క పొయ్యిల దగ్గర గరిటెలు ఆగిపోయాయి. "గాడ్ ఫస్ట్" అన్నాను. పాపం, దేవుడెక్కడా అని ఆవిడ చుట్టూ చూసింది. ఇక్కడ కూడా రచ్చయితే ఇంటికెళ్లగానే సామాను సర్దడమే అనుకున్నాను.

అత్తమ్మ ఆ చెంచా అందుకుని నా వైపు తిరిగారు. "చెయ్యి పట్టు" అని అరచేతిలో ఒక చుక్క వేశారు. "ఉప్పు సూడు."

నా ముఖంలోకే చూస్తూ నిలబడ్డారు.

"తక్కువైంది అత్తమ్మా."

చిటికెడు వేసి మళ్లీ చుక్క వేశారు. "ఇప్పుడో?"

"సరిపోయింది." ఉండబట్టలేక అడిగాను, "మరి దేవుడు?"

"దేవునికి నేను జెప్పుకుంటలే. నీకేం ఫికర్?"

మేం ఇల్లు మారలేదు. ఆ తర్వాత రోజూ పొద్దున "ఏ పిల్లా, చెయ్యి పట్టు" అని వంటింట్లోంచి కేక వినిపించేది. ఆ కేక కోసం ఎదురుచూడడం నాకెప్పుడు అలవాటైందో తెలియదు.

మొన్న ఆమెకు ఇష్టమైనవి వండి పిట్టకు పెట్టాం. కాకి ముడితే ఆమె తిన్నట్టే. ఆ వంట ఎవరూ రుచి చూడకూడదు. గోంగూరను ఆమె పుంటికూర అనేవారు; ఆ పప్పుకు ముక్కు పెట్టి చూశాను. నాకేమీ తెలియలేదు. డాబా గోడ మీద విస్తరి పెట్టి దూరంగా నిలబడ్డాం. కాకి వచ్చింది, విస్తరి చుట్టూ గెంతింది, ముట్టకుండా ఎగిరి నీళ్ల ట్యాంకు మీద కూర్చుంది.

"అమ్మకు మనసుల ఏదో ఉండిపోయింది, మాట ఇయ్యన్నా" అని మా ఆడబిడ్డ ఏడ్చింది. "చెల్లెను మంచిగ సూసుకుంటనే అమ్మా" అని మా ఆయన దండం పెట్టారు. కాకి కదల్లేదు. ఎండ ముదురుతోంది.

ఇక ఆగలేకపోయాను. వెళ్లి విస్తరిలోని పప్పు కొంచెం అరచేతిలో వేసుకుని నోట్లో పెట్టుకున్నాను.

"అయ్యో వదినా, ఎంగిలైంది!" ఆడబిడ్డ అరిచింది.

ఉప్పే లేదు. కిందికి పరిగెత్తి ఉప్పు తెచ్చి పప్పులో కలిపి, మళ్లీ చూశాను.

"సరిపోయింది అత్తమ్మా" అన్నాను ట్యాంకు వైపు చూస్తూ. "దేవుడికి మీరే చెప్పుకోండి."

కాకి దిగివచ్చి గోడ మీద వాలింది. తల పక్కకు వంచి కాసేపు నా ముఖంలోకే చూసింది. తర్వాత పప్పులో ముక్కు పెట్టింది.